ఒక్క మామిడిపండు

అయినా కలిపేవాళ్ళు కదా, లెక్కపెట్టే ముందు ఓట్లన్నీ కలిపేవాళ్ళు, ఆ సంగతి ఎవరూ ఎత్తరేమిటి అనుకుంటోంది భ్రమరాంబ, మైకు చెవి పక్కనే గురగురమంటున్నా పట్టించుకోకుండా. ఎన్నో ఎన్నికల్లో ఆమె లెక్కింపు హాల్లో పార్టీ ఏజెంటుగా జాలీకి ఇవతల కూర్చుంది. పోలింగ్ బూతుల నుంచి వచ్చిన పెట్టెలు విప్పి, ఓటు కాగితాలను కట్టలు కట్టి, ఆ కట్టలన్నిటినీ పెద్ద డ్రమ్ములో పోసి కలిపేవారు. ఆ తర్వాతే బల్లల మీదికి. ఏ వాడ ఎటు మొగ్గిందో ఆ డ్రమ్ములోనే కలిసిపోయేది. కలుపుతున్నప్పుడు వచ్చే గలగలకు ఆమెకు కళ్ళు మూతలు పడేవి. ఎవరో తలుపు గడియ వేసి కాపలా ఉన్నారని తెలిసినప్పుడు పట్టే నిద్ర అది.

ఇప్పుడు ఆమె కూర్చున్నది మాదాపూర్‌లో, రాళ్ళగుట్ట బస్తీలో, షామియానా కింద. గుట్టకు అటువైపు కొత్తగా లేచిన అద్దాల భవనం. ఇటువైపు దానికి రాళ్ళు మోసినవాళ్ళ గుడిసెలు. ముందు బల్ల మీద ఓటు యంత్రం. ఈసారి ఇక్కడ కాగితం లేదు, మీట నొక్కడమే అని ప్రభుత్వం వాడవాడకూ చెప్పిస్తోంది. చూపించడానికి మండలాఫీసు నుంచి రవికిరణ్ అనే యువ అధికారి వచ్చాడు. ప్రతిపక్షం తరఫున అభ్యంతరం చెప్పడానికి భ్రమరాంబ వచ్చింది.

పొద్దున్నే పార్టీ ఆఫీసు నుంచి పార్థసారథి ఫోన్ చేశాడు.

"దొంగయంత్రం, ఓట్లు మింగేస్తుంది అనండి మేడమ్. చాలు."

"మింగుతుందో లేదో నాకు తెలియదండి. నాకు తెలిసింది వేరే ఉంది. బూతులు కలపరు."

"అబ్బా, ఈ కలపడాలూ గిలపడాలూ జనానికి ఎక్కవండి. ఇంకో మాట. దాన్ని ముట్టుకోకండి. మనం బహిష్కరించాం. చెయ్యి పెట్టినట్టు పేపర్లో ఫోటో పడిందో, పార్టీలో మీ పదవి గురించి నన్ను అడగొద్దు."

తెలియని మాట చెప్పకపోవడం తన నిజాయితీయా, పార్థసారథి మాట చెల్లకూడదన్న మొండితనమా? ఆమె తనను తాను అడిగి చూసుకుంది. రెండూ ఒకే చోట నుంచి మాట్లాడుతున్నాయి, గొంతులు వేరు చేయడం కుదరలేదు. సరే, ఎక్కడ నుంచి వస్తేనేం, మాట నిజమైనదే కదా అనుకుంది.

"యంత్రం మీద మూడు గుర్తులు అంటించామండి," అంటున్నాడు రవికిరణ్. "గొడుగు, మామిడిపండు, నిచ్చెన. ఇవి ఏ పార్టీవీ కావు. మీకు నచ్చింది నొక్కండి."

స్వామి ముందుకొచ్చాడు. బస్తీకి కూలిపని పంచేది అతనే, పాలకపార్టీ మనిషి కూడా. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఏ గుడిసె ఉంటుందో ఏది పోతుందో అతని నోటి మాట.

"మన గుర్తు గొడుగు అనుకోన్రి. అందరు గొడుగే నొక్కున్రి, అలవాటైతది."

పన్నెండు మంది వరసకట్టి, మరుగు కోసం నిలబెట్టిన అట్టముక్కల చాటుకు ఒక్కొక్కరే వెళ్ళి నొక్కారు. ప్రతిసారీ యంత్రం కుయ్‌మంది. రవికిరణ్ ఫలితం మీట నొక్కి పైకి చదివాడు.

"గొడుగు పదకొండు. మామిడిపండు ఒకటి. నిచ్చెన సున్నా."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగాయి. స్వామి నవ్వుతూనే ఉన్నాడు.

"ఎవల్రా మామిడిపండు? జర చెయ్యెత్తున్రి."

ఎవరూ ఎత్తలేదు.

"ఎండకాలం గదా స్వామీ," అన్నాడు ముసలి పెంటయ్య. "గొడుగు కంటె మామిడిపండు మీదికే మనసు పోతది."

అందరూ నవ్వారు. స్వామి నవ్వు మాత్రం అక్కడితో ఆగింది.

"నగుడు గాదు తాత. ఇన్నొద్దులు ఓట్లపేటీలన్ని కలిసిపోతుండె, ఎవలు ఏమేసినా నడిశింది. ఇగ నడవది. ఈ బూతు మన బస్తీ ఒక్కదానిదే. లెక్క గాంగనే మన బస్తీల ఎన్ని తక్కువొచ్చినయో పార్టీ పెద్దసారు చేతిల ఉంటది. గుడిసెలకు పట్టాలు గావాల్నా వద్దా మీకు?"

భ్రమరాంబ లేచింది. "రవికిరణ్ గారూ, ఈయన చెప్పేది నిజమేనా? ఏ బూతు లెక్క ఆ బూతుకే చదువుతారా?"

"అవునండి. అందుకే కదండీ తొందరగా అయిపోతుంది," అన్నాడతను, మంచి సంగతి చెబుతున్న ముఖంతో. "కానీ ఏ మనిషి ఎవరికి వేశారో యంత్రం చెప్పదండి."

"మనిషి పేరు చెప్పక్కర్లేదు. బస్తీ పేరు చెబితే చాలు. మా అభ్యంతరం అదీ. రాసుకోండి."

అతను తలవంచి రాసుకున్నాడు. రాసుకోవడం తన పని అన్నట్టుగా, అంతే. ఇదంతా రాయడానికి వచ్చిన పత్రిక విలేకరి ఆవలించాడు.

"ఇంకోపాలి ఏద్దాం సారూ," అన్నాడు స్వామి. "మావోళ్ళకు సమజ్ గాలే. ఇప్పుడు తేలుస్త."

రవికిరణ్ తటపటాయించి, సాధన మంచిదేగా అని పాత లెక్క చెరిపేశాడు. మళ్ళీ అదే వరస. ఈసారి స్వామి అట్టముక్కలకు జానెడు దూరంలో నిలబడ్డాడు. చూడటం లేదు. నిలబడ్డాడంతే.

అప్పుడు కనిపించింది ఆమెకు, వరస చివర అంజమ్మ. కుడిచెయ్యి కొంగులో చుట్టి దాచుకుంది, దెబ్బ తగిలినట్టు. రేషన్ కార్డు కోసం భ్రమరాంబతో పాటు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషే. అందరిలోకీ చివరి గుడిసె, రోడ్డుకు ఆనుకున్నది, ఆమెదే.

భ్రమరాంబ వెళ్ళి పక్కన నిలబడింది.

"నచ్చింది నొక్కుమన్నడు గదా సారు," అంది అంజమ్మ గొణుగుతూ. "నేను నిజమే అనుకున్నమ్మా."

భయానికి మనిషి పేరు అక్కర్లేదు, ఒకరిని వెతుకుతున్నారని తెలిస్తే చాలు. పన్నెండు మందిలోనూ ఎవరికి వారే తామే అనుకుంటారు. ఈసారి మామిడిపండు రాదు. ఇవాళ ఆటలో రానిది, రేపు బూతులో అసలే రాదు. ఎవరూ ఎవరినీ కొట్టకుండానే చెయ్యి పక్క మీటకు జరిగిపోతుంది. పార్థసారథి చెప్పే దొంగతనం యంత్రంలో ఉందో లేదో గాని, ఇది మాత్రం తన కళ్ళెదుటే జరుగుతోంది.

డ్రమ్ము లేదు. కలపడానికి తన దగ్గర ఏముంది? ఒక్క ఓటు. అదీ ఉత్తుత్తి ఓటు.

"నేను నీ వెనకాలే వేస్తాను," అంది మెల్లగా. "ఒక్క మామిడిపండు వస్తే, అది నాదే అనుకుంటారు. అర్థమైందా? నీకు నచ్చింది నొక్కు."

అంజమ్మ ఆమె ముఖం వైపు చూసింది. "మరి మీరో?"

"నేను గొడుగు."

"అయ్యో, మీరు గొడుగు నొక్కుడేందమ్మా!"

ఆ మాటే ఆమె లోపల కూడా ఎవరో అన్నారు, ఇంకా గట్టిగా. అంజమ్మ ధైర్యం చేయకపోతే మామిడిపండు సున్నా వస్తుంది. అప్పుడు పదమూడు గొడుగుల్లో ఒకటి తనదని ఊరంతా నవ్వుతుంది. బహిష్కరించిన యంత్రం ముట్టుకున్నందుకు పార్టీ ఊరుకోదు, గొడుగు నొక్కినందుకు స్వామి వదలడు. మామిడిపండు నొక్కితే తన పరువు నిలుస్తుంది. కానీ అంజమ్మ కూడా అదే నొక్కి ఉంటే రెండు వస్తాయి, ఆ రెండోదాని కోసం వెతుకుతారు. తన పరువుకూ ఆమె గుడిసెకూ మధ్య ఒక్క మీట దూరం. ఇందులో తేల్చుకోవడానికి ఏమీ లేదని తెలిసి కూడా, మనసు ఇంకా తేల్చుకుంటున్నట్టు నటిస్తోంది. నటించనీ, కాళ్ళు వరసలోనే ఉన్నాయి కదా.

"ఏందమ్మా, మీరు గూడనా?" స్వామి ముఖం విప్పారింది. "బహిష్కారం అంటిరి గదా. మామిడిపండు తినబుద్ధయిందా?"

"ఆటేగా స్వామీ."

"తప్పకుండా రండి మేడమ్," అన్నాడు రవికిరణ్ సంబరంగా. విలేకరి కెమెరా తీశాడు.

అంజమ్మ చాటుకు వెళ్ళింది. యంత్రం వెంటనే కుయ్‌మనలేదు. స్వామి దగ్గాడు. కుయ్‌మంది. బయటకు వచ్చిన అంజమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

భ్రమరాంబ అట్టముక్కల మధ్యకు వంగింది. లోపల మూడు బొమ్మలు, మూడు నీలం మీటలు. కెమెరా మెరుపు ఆమె వీపు మీద పడింది. మామిడిపండు పక్క మీట మీదికి వేలు దానంతట అదే వెళ్ళబోయింది. ఆమె దాన్ని ఆపి, పైకి జరిపి, గొడుగు పక్కన పెట్టి గట్టిగా నొక్కింది.