రాజుగారి ఫోనుకు వచ్చిన వాన

పనికిరాని నంబరును సాయిదుర్గ చేత ఎందుకు రాయించుకున్నారు? దీనికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

జూన్‌లో, మొగల్తూరు దగ్గరి ఆ ఊళ్లో, వాతావరణ సూచనలు ఎలా వాడుకోవాలో రైతులకు శిక్షణ ఇచ్చారు. రెండెకరాలు కౌలుకు చేసే సాయిదుర్గ ముందు వరసలో కూర్చుంది. పసుపు హెచ్చరికకు జాగ్రత్తపడాలి, నారింజకు కోత ఆపాలి, ఎరుపుకు ఇల్లు కదలకూడదు. అన్నీ పొల్లుపోకుండా ఒప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంది. "మీ ఫోనుకే మెసేజ్ వస్తుందమ్మా, దాన్నే నమ్ముకోండి" అన్నాడు అధికారి. ఆమె కాగితం మీద తన నంబరు రాసిచ్చింది.

డిసెంబరులో చేను పండింది. కొడవళ్లు తీసే వేళకు భర్త బుజ్జిబాబు గట్టు మీద నిలబడి దక్షిణానికి చెవి ఒగ్గాడు.

"సముద్రం హోరు తేడాగా ఉందే. నాలుగు రోజులాగుదాం."

"మీ తాత చెవులు పెట్టుకుని వ్యవసాయం చేస్తావేంటి? వానుంటే మెసేజ్ వస్తుందిగా."

"రాకపోతే?"

"రాలేదంటే వాన లేనట్టే. చదువుకున్నోళ్లు చెప్పారయ్యా."

"అలాగే మేడంగారూ" అని నవ్వి, అతడూ నడుం వంచాడు.

సాయంత్రానికి చేనంతా కోసి, పనలుగా పరిచి ఆరబెట్టారు. మర్నాడు మొదలైన వాన మూడు రోజులు విడవలేదు. కోయని పక్క చేలు ఒరిగినా సగం దక్కాయి. సాయిదుర్గ పనలు నీళ్లలో నాని, వారం తిరిగేసరికి ప్రతి కంకికీ తెల్లటి మొలకలు వచ్చాయి.

భూమి యజమాని శ్రీనివాసరాజు భీమవరం నుంచి కారులో వచ్చి చూశాడు.

"కోతకు రెండ్రోజుల ముందే నాకు మూడు మెసేజులొచ్చాయి దుర్గా. నారింజ అని, కోతలు ఆపమని. ఏదో ప్రకటన అనుకుని తీసేశాను. నీకు రాలేదా?"

"నా నంబరు రాసిచ్చానండి."

ఆమె తిన్నగా వ్యవసాయ ఆఫీసుకు వెళ్లింది.

"పాస్‌బుక్కులో పొలం ఎవరి పేరున ఉంటే, మెసేజ్‌లకు వారి నంబరే ఎక్కుతుందమ్మా" అన్నాడు అధికారి.

"మరి నా చేత ఎందుకు రాయించుకున్నారండి?"

అతడు ఇంకో ఫైలు తెరిచాడు.

ఆ తరువాత బుజ్జిబాబు సముద్రం మాట ఎత్తలేదు. నోరారా తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించేది. అతడు కుళ్లిన పనలను గట్టుకు లాగాడు.

మీ పేరున ఉన్న పొలాన్ని మరొకరు సాగు చేస్తున్నారా? రేపు ఆఫీసు తెరవగానే వెళ్లి వారి నంబరు ఎక్కించండి. ఎక్కిందని కళ్లారా చూశాకే ఇంటికి రండి.