పడవలో ఎడమ పక్క

బడులకు వేసవి సెలవులిచ్చారంటే కూర్మారావు ఆదివారాల డ్యూటీ ఎవరో ఒకరితో మార్చుకునేవాడు. అతను టాటానగర్ లోకోషెడ్‌లో ఫిట్టరు. తెల్లారకముందే లేచి, బోరింగు దగ్గర నాలుగు చెంబులు పోసుకుని, భార్య అసిరమ్మ కట్టిచ్చిన చద్దన్నం గిన్నె సంచిలో పెట్టుకునేవాడు. వడగాలి కొట్టకుండా జేబులో ఒక ఉల్లిపాయ వేసుకునేవాడు. సాక్చిలో బస్సు మారి, మానగో వంతెన దాటి, అక్కణ్ణుంచి దొరికిన టెంపో ఎక్కి డిమ్నా చెరువు చేరేసరికి దల్మా కొండ మీద ఇంకా ఎండ పడేది కాదు.

గట్టు మీద బలరామ్ అతని కోసం చూస్తుండేవాడు. బలరామ్‌ది ఒక పాత టేకు పడవ. కొండ కిందకి ఇప్పపువ్వు ఏరడానికి వెళ్ళే ఆడవాళ్ళనీ, షికారుకొచ్చే జనాన్నీ అవతలి ఒడ్డుకి చేరుస్తుండేవాడు. కూర్మారావు ఎక్కి కూర్చోగానే పడవ ఎడమ పక్కకి ఒరిగేది.

"బిటియా ఆ గయీ," పిల్ల వచ్చేసింది, అని బలరామ్ కుడి పక్కన ఇటుకలు పేర్చడం మొదలుపెట్టేవాడు. పడవ సమానంగా నిలిచేదాకా ఒక్కొక్కటే పెట్టేవాడు. ఇప్పపువ్వు బుట్టల ఆడవాళ్ళు ఎడమ పక్క బల్ల మీద ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, మిగిలిన చోట సర్దుకుని కూర్చునేవారు. తర్వాత పడవ కదిలేది.

ఆ చోటు కూర్మారావు చిన్నకూతురు పైడితల్లిది. ఆ పిల్ల పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

అంతకుముందు మొగుడూ పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళూ, నలుగురూ కలిసే వెళ్ళేవారు. అసిరమ్మ పుట్టింది కళింగపట్నం దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట. పడవ ఎక్కితే ఆమెకి చేతులు ఊరుకునేవి కావు. బలరామ్ దగ్గర తెడ్డు లాక్కుని తనే వేసేది. పైడి ఆమె ఒళ్ళో కూర్చుని, తెడ్డు మీద తన చేతులు కూడా వేసి, పడవని తనే నడుపుతున్నానని అందరికీ చెప్పేది. అవతల దిగాక కొండ ఎక్కేవారు. సగం దాకా ఎక్కి ఒక బండ మీద కూర్చుని పులిహోర తినేవారు. అక్కణ్ణుంచి ఊరంతా, ఊరి మీద కార్ఖానా పొగగొట్టాలూ కనపడేవి. మన ఇల్లదంటే కాదు ఇదని పిల్లలిద్దరూ దెబ్బలాడుకునేవారు.

డెబ్బైనాలుగో సంవత్సరం మేలో ఎండలు బాగా ముదిరాయి. "ఈవారం ఒద్దు, ఒక వాన పడనీ," అంది అసిరమ్మ. పిల్లలు ఏడ్చారు. కూర్మారావు పిల్లల పక్షం. ఆమెని ఇంట్లో వదిలి ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు ఆలస్యమైపోయింది. కొండ దారిలో గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. పైడి మాట్లాడకుండా నడిచింది. పడవలో ఎడమ పక్క బల్ల మీద, అంచు పట్టుకుని కూర్చుంది. నీళ్ళు తాగమంటే తల అడ్డంగా ఊపింది. ఇల్లు చేరేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మూడో రోజున పోయింది. దానికి ఆరేళ్ళు.

అసిరమ్మ భర్తని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని అతను ఏడాదంతా ఎదురుచూశాడు. ఆమె బియ్యం గురించి మాట్లాడేది, కిరసనాయిలు గురించి మాట్లాడేది, కుళాయి రాని రోజు గురించి మాట్లాడేది. పిల్ల పేరు మాత్రం ఎత్తేది కాదు.

మరుసటేడు సెలవుల్లో ఇంట్లో కూర్చోలేక కూర్మారావు ఒంటరిగా చెరువుకి వెళ్ళాడు. పడవ ఎక్కాడు. పడవ ఒరిగింది. బలరామ్ ఒక క్షణం ఆ బల్ల వంక చూసి, గట్టు మీద పడున్న ఇటుకలు తెచ్చి పెట్టాడు. ఆరు పట్టాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అసిరమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"పైడి పడవలో ఉన్నాది," అన్నాడు.

ఆమె ఏరుతూనే ఉంది. "ఎంత బరువున్నాది?" అనడిగింది.

"ఆరిటుకలు."

ఆమె తలూపి చేట పట్టుకుని లోపలికెళ్ళింది.

అప్పట్నుంచి సెలవులున్నన్నాళ్ళూ అతను వెళ్తూనే ఉన్నాడు. కార్తీకమాసంలో ఒకసారి వెళ్ళి చూశాడు. పడవ తిన్నగానే ఉంది. బడులు నడిచే రోజుల్లో పైడి రాదని అర్థం చేసుకుని తిరిగొచ్చాడు. మళ్ళీ వేసవికి వెళ్తే ఏడిటుకలు పట్టాయి. ఆపైన ఎనిమిది. అసిరమ్మ ప్రతిసారీ ఆ ఒక్క మాటే అడిగేది, "ఎన్నిటుకలు?" అని. ఒక సంవత్సరం అంతకు ముందు పట్టినన్నే, తొమ్మిదే పట్టాయి. ఆ మాట విని ఆమె సరిగా అన్నం తినలేదు. "ఏటి తింతన్నాదో, ఎవులు పెడతన్నారో," అని గోడకేసి చెప్పింది. మరుసటేడు పదకొండు పట్టాయని తెలిశాక ఆమె మొహం కాస్త తేటపడింది.

అన్నీ అడిగేది గాని, రమ్మంటే వచ్చేది కాదు. పెద్దకూతురు అమ్మణ్ణిని పంపేదీ కాదు. అమ్మణ్ణి ఎండలోకి అడుగుపెట్టకుండా పెరిగింది. బడికి తల్లే గొడుగు పట్టుకుని దిగబెట్టి, తల్లే తెచ్చుకునేది. రోడ్డు దాటేటప్పుడు పదిహేడేళ్ళ పిల్ల మణికట్టు పట్టుకుని దాటించేది. మెట్రిక్ అవగానే చదువు ఆగిపోయింది. తోటి పిల్లలు కాలేజీకి పోతుంటే అమ్మణ్ణి కిటికీ దగ్గర కూర్చుని స్వెట్టర్లు అల్లేది. ఎండాకాలంలో కూడా అల్లేది.

ఎనభైనాలుగు వేసవిలో, పక్క క్వార్టర్లో ఉండే జయకుమారి టీచరు రాంచీ నర్సు ట్రైనింగుకి ఒక ఫారం తెచ్చిచ్చింది. కూర్మారావుకి ఇష్టమే. అసిరమ్మ ఆ కాగితం వంక కూడా చూడలేదు.

"ఒకర్తిని నీతో అంపీసాను," అంది భర్తతో. "ఇంకొకర్తిని అంపను."

పదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. కూర్మారావు తింటున్న ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

అమ్మణ్ణి చాలాసేపు అల్లుతూ కూర్చుని, సూదులు పక్కన పెట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఆ పిల్ల సగం హిందీలోనే జవాబిచ్చేది.

"మా, తుమ్ భీ చలో. రేపు ఆదివారం. ముగ్గురం వెళ్దాం. చెల్లిని ఒక్కసారి చూసొచ్చి, అప్పుడు వద్దంటే ఫారం నేనే చింపేస్తా."

తెల్లారేసరికి అసిరమ్మ తల దువ్వుకుని, సంచి పుచ్చుకుని గడప దగ్గర నిలబడి ఉంది. జేబు లేదు గనక ఉల్లిపాయని కొంగున కట్టుకుంది. అమ్మణ్ణి కొంగుకి కూడా ఒకటి కట్టింది.

బలరామ్ ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. అతని జుట్టంతా నెరిసిపోయింది. "ఆయియే, మాజీ," అని చెయ్యి అందించాడు. కూర్మారావు, అమ్మణ్ణి చెరో పక్కా కూర్చున్నారు. పడవ ఎడమకి ఒరిగింది. బలరామ్ ఇటుకలు పేర్చాడు. పదిహేను.

"ఇదిగో, ఇక్కడే," అన్నాడు కూర్మారావు, చెయ్యి ఆనీ ఆననట్టు బల్ల చూపించి.

అసిరమ్మ ఆ బల్ల పక్కన కూర్చుంది. కొంతసేపు నీళ్ళనే చూస్తూ ఉంది. చెరువు మధ్యకి వచ్చాక పడవ కొద్దిగా ఊగింది. ఆమె చీర కుచ్చెళ్ళు ఒళ్ళో నొక్కుకుపోయాయి. ఆమె వెన్ను నిటారుగా అయింది. రెండు చేతులూ మెల్లిగా పైకెత్తి, ఒళ్ళో కూర్చున్న పిల్ల నడుం చుట్టూ వేసినట్టు వేసుకుంది.

"ఇంత ఎదిగిపోనావేటే," అంది.

పడవలో ఎవరూ కదల్లేదు. బలరామ్ తెడ్డు నిదానంగా వేశాడు. అసిరమ్మ ఒళ్ళోకి వంగి ఏవేవో చెబుతూనే ఉంది. ఇంటి ముందు జామచెట్టు కొట్టేశారని చెప్పింది. కళింగపట్నంలో అమ్మమ్మ పోయిందని చెప్పింది. "అమ్మణ్ణి నీకని కూడా ఒక స్వెట్టరు అల్లి పెట్టెలో దాసినాది. నాకు తెల్దనుకుంతన్నాది," అని చెప్పింది. అమ్మణ్ణి మొహం పక్కకి తిప్పుకుంది. "ఏటీ తేకుండా వచ్చీసానే," అంది చివరికి. "నీకిష్టవైంది ఒక్కటీ తేలేదు."

కూర్మారావు ఆమె మోకాళ్ళ వంకే చూస్తున్నాడు. అతనికి పదేళ్ళూ ఆ పిల్ల పడవ ఒరగడంలోనే తెలిసింది. ఒళ్ళోకి ఎప్పుడూ రాలేదు.

అవతలి ఒడ్డు వచ్చింది. బలరామ్ దిగి తాడు కట్టాడు. ఇంకా ఎవరూ లేవకముందే పడవ ఎడమ పక్క ఒక్కసారిగా పైకి లేచింది. ఇటుకల బరువుకి కుడి పక్క దిగబడి లోపలికి నీళ్ళొచ్చాయి. బలరామ్ పరుగున వచ్చి ఇటుకలు రెండేసి చొప్పున తీసి గట్టు మీదికి విసిరాడు. పదిహేనూ తీసేశాక పడవ సమానంగా నిలిచింది.

అసిరమ్మ ఒళ్ళోని కుచ్చెళ్ళు మెల్లిగా విచ్చుకున్నాయి. పైన దారిలో ఎండిన సాల్ చెట్ల ఆకులు కొద్దిసేపు గలగలమన్నాయి. తర్వాత ఆ చప్పుడు కూడా కొండ మీదికి పోయింది.

"దిగిపోనాది," అంది అసిరమ్మ.

వాళ్ళు ముగ్గురూ ఎక్కారు. కూర్మారావు ముందు, పైడిని పిలుస్తూ ఎక్కాడు. అసిరమ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది. అమ్మణ్ణి పదేళ్ళ తర్వాత ఎండలో నడుస్తోంది. మొహం కందిపోయినా ఆగలేదు. బండ దగ్గరికి చేరి మంచినీళ్ళు తాగారు. కింద ఊరు, పొగగొట్టాలు, ఎండకి తెల్లగా మెరిసే చెరువు. ఎక్కడా ఎవరూ లేరు. కూర్మారావు ఇంకా పైకి వెళ్ళొచ్చాడు. చొక్కా ముళ్ళకి చిరిగింది. తెచ్చిన అన్నం ఎవరూ విప్పలేదు. ఎండ తగ్గాక దిగొచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు పడవ ఒరగలేదు. కూర్మారావు ఎక్కాడు, ఒక నిమిషం చూసి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఎడమ పక్క బల్ల మీద చెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

"ఇంకొకపాలి సూద్దాం," అన్నాడు బలరామ్‌తో. బలరామ్‌కి ఆ మాట అర్థం కాకపోయినా తల వంచుకుని నిలబడ్డాడు.

"రా, కూకో," అంది అసిరమ్మ.

"పదేళ్ళు నాకాడున్నాది," అన్నాడతను. గొంతు ఎత్తలేదు. "పదేళ్ళు. నువ్వొక్క రోజొచ్చినావు, దిగి ఎలిపోనాది."

"అవును. నీకు పదేళ్ళు. నాకు ఈ ఒక్క పూటే."

అతను ఆమె వంక చూశాడు. ఆమె చెయ్యి చాపింది. మణికట్టు పట్టుకుని అతన్ని పడవలోకి లాక్కుని, పక్కన కూర్చోబెట్టుకుంది. అతను ఆమె భుజం మీద తల ఆనించి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పిల్ల పోయిన రోజున కూడా అతను ఆమె ముందు ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకి లేదనుకున్నాడు.

"నాను గాని ఆ రోజు..." అన్నాడు.

"నాను రావలిసింది," అంది అసిరమ్మ. "గొడుగట్టుకుని నానూ మీ ఎనకాల రావలిసింది. కోపమొచ్చి ఇంట్లో కూకున్నాను. నిన్నేటి అంతాను?"

అతను కాస్త కుదురుకున్నాక ఆమె లేచి బలరామ్ దగ్గర తెడ్డు అడిగి పుచ్చుకుంది. మొదట చేతులు తడబడ్డాయి. తర్వాత ఆమె వేస్తూనే పోయింది, అవతలి గట్టు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి చేరి కాళ్ళు కూడా కడుక్కోకుండా, "ఆ కాయితం తే," అంది అమ్మణ్ణితో.

అమ్మణ్ణి తెచ్చింది. కూర్మారావు సంతకం పెట్టాడు. తల్లి గడిలో ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో అమ్మణ్ణి చూపించింది. అసిరమ్మ వేసి, వేలు తలకి రాసుకుని, "అదెలాగా ఎలిపోనాది. నిన్ను మాత్రం ఎందుకు అట్టుకోవాల," అని వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెల చప్పుడు కాలేదు. అమ్మణ్ణి గుమ్మం దాకా వెళ్ళి, చూసి, వెనక్కి వచ్చేసింది.

జూలైలో రాంచీ బండెక్కింది అమ్మణ్ణి. ముసురు పట్టింది. బండి కదిలాక కూర్మారావు కిటికీ పక్కనే నడిచాడు. ప్లాట్‌ఫారం అయిపోయినా, రైల్వే మనిషి గనక, దిగి కంకర మీద కూడా నడిచాడు. చివరి పెట్టె వెళ్ళిపోయాక అక్కడే నిలబడిపోయాడు. అసిరమ్మ గొడుగు పట్టుకుని పట్టాల పక్కనుంచి జాగ్రత్తగా నడిచి అతని దగ్గరికి వచ్చింది.

"తడిసిపోతన్నావు. పద, ఇంటికెల్దాం."

ఇంటికొచ్చి తలలు తుడుచుకున్నారు. ఆమె పీట వేసి కంచం పెట్టింది. గిన్నె మూత తీసి కాసేపు అలాగే చూసింది.

"పొద్దున్న ముగ్గురికీ వండీసాను," అంది. "నువ్వొక ముద్ద ఎక్కువ తినాల."

అతను కంచం దగ్గరికి జరుపుకున్నాడు. "నువ్వు కూడా కూకో," అన్నాడు. ఆమె ఇంకో కంచం తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది.