చట్రంలో పట్టని నడుము

ఆ చట్రం చూసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

అదేమీ వింత వస్తువు కాదు. మా వర్క్‌షాపులో వెల్డరు అరపూటలో చేసి పడేసిన ఇనప చట్రం. గుడ్డు ఆకారం, నాలుగు కాళ్ళు, ఛాతీ ఎత్తు. మా ఫ్యాక్టరీలో అన్నింటికన్నా పాత వెసల్ మూతి ఎంత ఉంటుందో సరిగ్గా అంతే ఉంటుంది. వెసల్ అంటే రసాయనాలు ఉడికించే పెద్ద ఇనప గాబు. సరుకు తీసేశాక అడుగునా గోడలకూ గసి అంటుకొని ఉంటుంది. ఒక మనిషి ఆ మూతిలోంచి లోపలికి దిగి గసిని గోకి తీయాలి. పదకొండేళ్ళుగా ఆ మనిషిని నేనే.

నా పేరు లింగం. ఊరు ఇంద్రేశం. చిట్కుల్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇస్నాపూర్ దగ్గర మా ఫ్యాక్టరీలో రెండువందల మంది పనిచేసేవాళ్ళు. మేనేజరు పేరు తెలియనివాళ్ళు ఉన్నారు గానీ, లోపలికి దిగే లింగం ఎవరో తెలియనివాళ్ళు లేరు. మా నాయన పూడిక తీయడానికి బావుల్లోకి దిగేవాడు. ఊళ్ళో ఇంకెవరూ దిగని బావిలోకి కూడా దిగేవాడు. నేను వెసల్‌లోకి దిగుతాను. నాకదే గొప్ప. నవ్వుకుంటే నవ్వుకోండి.

తొంభై ఆరులో త్రినాథరావు అని కొత్త సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి. సన్నగా ఉంటాడు, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. వచ్చిన వారానికే ఈ చట్రం చేయించి, వర్క్‌షాపు ముందు పెట్టించి, పక్కన నోటీసు అంటించాడు. వెసల్‌లోకి దిగేవాళ్ళు నడుముకు బెల్టు కట్టుకొని, ఎవరి సాయమూ లేకుండా చట్రంలోంచి కిందికి దిగి మళ్ళీ పైకి రావాలి. రాలేనివాళ్ళ పేరు లిస్టులోంచి తీసేస్తారు.

"ఒకసారి ప్రయత్నించండి లింగం గారూ," అన్నాడు, సరిగ్గా టీ టైములో, అందరూ చూస్తుండగా.

స్టూలెక్కి కాళ్ళు పెట్టాను. తొడలు దిగాయి. పొట్ట దగ్గర ఆగిపోయాను. కిందికి పోను, పైకి రాను. ఇద్దరు చంకల్లో చేతులు వేసి గుంజితే గానీ ఊడిరాలేదు. ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు నవ్వు ఆపుకోలేక టీ గ్లాసులు కింద పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మూడు వారాలు టైమిస్తాను. కాస్త ఒళ్ళు తగ్గించండి. లేకపోతే మిమ్మల్ని ప్యాకింగ్‌కు మార్చాల్సి వస్తుంది," అన్నాడు త్రినాథరావు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

మరి నిన్నటిదాకా ఎలా దిగావయ్యా అంటారేమో. అహరోను పైనుంచి భుజాలు నొక్కితే దిగాను, తాడు పట్టి గుంజితే వచ్చాను. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. అహరోను నా జోడీ. లోపల నేను, మూతి దగ్గర తాడు పట్టుకొని అతను. తాడు రెండో కొస నా బెల్టుకు ఉంటుంది. కాసేపటికోసారి అతను తాడు లాగుతాడు, నేను లోపలినుంచి తిరిగి లాగుతాను. బాగానే ఉన్నానని అర్థం. మా పనంతా అంతే.

ఒళ్ళు ఊరికే రాలేదు. వెసల్‌లోకి దిగినవాడికి గొంతులో దుమ్ము పోవాలని ఫ్యాక్టరీవాళ్ళు అరలీటరు పాలు, రెండు అరటిపళ్ళు, గుప్పెడు బెల్లం ఇచ్చేవాళ్ళు. దిగని రోజు కూడా క్యాంటీన్‌లో అడిగి తెచ్చుకునేవాణ్ణి. పదకొండేళ్ళ బెల్లం ఎక్కడికి పోతుంది?

ఆ సాయంత్రమే ఇంట్లో మా ఆవిడ సుమిత్రకు చెప్పాను. "ఇగ నాకు రాత్రి బువ్వ పెట్టకు. సోమారం, బేస్తారం, శనారం ఒక్కపొద్దు ఉంట."

"మూడు ఒక్కపొద్దులా? తట్టుకుంటవా అయ్యా?" అంది.

"నా కొలువు పోయెటట్టున్నది. తట్టుకోక ఏం జేస్త?"

నిజంగానే బువ్వ మానేశాను. ఒక్కపొద్దు నాడు మెతుకు ముట్టలేదు. ఫలారం చేయవచ్చు కాబట్టి ఉప్మా, అటుకులు, వేయించిన పల్లీలు, అరటిపళ్ళు. మిగిలిన రోజులు రాత్రికి రొట్టె. డ్యూటీ దిగి ఇస్నాపూర్ చౌరస్తాకు రాగానే సైకిలు దానంతటదే బీరమ్మ బండి ముందు ఆగేది. మూకుట్లో మిరపకాయలు చుయ్యిమంటుంటే దాటి పోవడం ఎవరి తరం? నాలుగు మిర్చీలు. పక్కన సర్వపిండి ఉంటే ఒక ముక్క. ఇంటికి పోయి, "ఏం తినలే," అని సుమిత్రకు చెప్పేవాణ్ణి. అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించను కూడా లేదు.

ప్యాకింగ్ సెక్షన్‌లో బస్తాలు తూచే కాంటా ఉంది. రోజూ దాని మీద ఎక్కేవాణ్ణి. మొదటి రోజు ఎనభై మూడు. పదో రోజు శనివారం ఎక్కితే ఎనభై మూడున్నర.

"దీని తల పాడుగాను!" అని కాంటాను ఒక్క తన్ను తన్నాను. పక్కనే ఉన్న అహరోను నా భుజం పట్టుకొని బయటికి తీసుకొచ్చాడు.

"ఏం తిన్నవ్ ఇయ్యాల?"

"ఏం తినలే. శనారం, ఒక్కపొద్దు."

"పొద్దుగాల క్యాంటీన్ల రెండు ప్లేట్ల ఉప్మా తిన్నది నువ్వు కాదా?"

"ఉప్మా ఫలారం."

"పది గంటలకు అరటిపండ్లు?"

"పండ్లు తింటె ఏమైతది?"

"నిన్న బీరమ్మ కాడ మిర్చీలు? నేను బస్సులకెల్లి చూసిన."

"నాలుగే నాలుగు. అది గూడ తినుడేనా? నోట్లె ఏసుకున్న, గంతే."

"మరి తినుడంటె ఏంది నీ లెక్కల?"

"బువ్వ."

అనేశాక నాకే ఆ మాట వినబడింది. చిన్నప్పటినుంచి మా ఇంట్లో తిన్నావా అంటే బువ్వ తిన్నావా అనే. బువ్వ తినకపోతే పస్తున్నట్టే. పొద్దంతా ఏదో ఒకటి నములుతూనే, పస్తుంటున్నానని నా మీద నేనే జాలిపడుతున్నాను.

"మేం గూడ నలభై దినాలు ఉపాసముంటం. మా ఉపాసం దేవునికి కనబడితె సాలంటడు మా పాస్టరు. నీది కాంటాకు గూడ కనబడుతలేదు," అన్నాడు అహరోను. నవ్వకుండా అన్నాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. పాలు, పళ్ళు, బెల్లం అహరోను చేతిలో పెట్టేవాణ్ణి. మిర్చీలు మానాను. ఉప్మా మానాను. మధ్యాహ్నం కొలిచినట్టు కొంచెం బువ్వ, రాత్రి ఒక్క రొట్టె. కడుపు ఊరుకున్నా చెయ్యి ఊరుకునేది కాదు. జేబులో పల్లీల కోసం వెతికేది. పల్లీలు లేకపోతే బీడీ కట్ట, బీడీ కట్ట లేకపోతే చొక్కా గుండీ. రెండు గుండీలు తెంపేశాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. చౌరస్తా తప్పించుకోవడానికి పొలాల గట్ల మీదుగా సైకిలు నడిపించుకుంటూ పోయేవాణ్ణి. ఊరికే సుమిత్ర మీద విరుచుకుపడేవాణ్ణి. ఒకరోజు ఆవిడ పోపు పెడుతుంటే, ఆ వాసనకు తట్టుకోలేక, "నన్ను సంపుదామని చూస్తున్నవా?" అని అరిచి బయటికి పోయాను.

వెనకాలే వాకిట్లోకి వచ్చి, "పప్పుకు పోపు పెట్టుడు గూడ తప్పేనా?" అంది. కళ్ళలో నీళ్ళు. నాకు సిగ్గేసింది. క్షమించమనడం మాత్రం నోటికి రాలేదు.

పరీక్ష రోజుకు ఎనభైకి వచ్చాను. మూడున్నర కిలోలు. ముందురోజు చట్రం పక్కన నిలబడి కళ్ళతో కొలుచుకున్నాను. తగ్గింది చాలేట్టు లేదు. తెల్లారి పొద్దున్నే పొట్టకూ పక్కలకూ కొబ్బరినూనె పట్టించి, మీద చొక్కా వేసుకొని పోయాను. సగం ఫ్యాక్టరీ వచ్చి చుట్టూ నిలబడింది. స్టూలెక్కాను. ఉన్న గాలంతా వదిలి, పొట్ట వీపుకు అంటేలా లోపలికి లాక్కొని, ఊపిరి బిగబట్టి దిగాను. ఇనుము పక్కల్ని గీరింది. దిగాను. అదే ఊపిరి మీద మళ్ళీ పైకి వచ్చాను.

చప్పట్లు! మొదటిరోజు నవ్విన ప్యాకింగ్ వాళ్ళే కొట్టారు. త్రినాథరావు ఫైలు తీసి నా పేరు ఎదురుగా సంతకం పెట్టి, "శభాష్ లింగం గారూ," అన్నాడు. నాకన్నా ముందు అవలీలగా చట్రం దాటిన అహరోను ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. చొక్కా పైకి లేచిన చోట గీరుకుపోయిన నా చర్మం వైపు చూస్తున్నాడు.

సోమవారం పాత వెసల్ శుభ్రం చేయాలి. లోపల గాలి తోలించారు, గ్యాసు చూశారు. దిగే ముందు ఒక కాగితం మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి. ఆఫీసరు, దిగేవాడు, తాడు పట్టేవాడు. త్రినాథరావు పెట్టి పోయాడు. నేను పెట్టాను. బెల్టు బిగించుకొని, మూతి మీద కూర్చొని, కాళ్ళు లోపలికి వేలాడదీశాను. అహరోను కాగితం పట్టుకొని నిలబడ్డాడు.

"ఏందిరా, సంతకం పెట్టు."

"పెట్ట."

"పరాచికాలా?"

"మొన్న నువ్వు ఊపిరి బిగబట్టి దూరినవ్. నేను చూసిన."

"దూరిన గద! ఆయన సంతకం పెట్టిండు గద!"

"ఆయన తాడు పట్టుకోడు. నేను పట్టుకుంట," అన్నాడు అహరోను. "లోపట గ్యాసు తగిలి నీకు సోయి తప్పిందనుకో. లింగం, జెర కడుపు లోపటికి గుంజుకోరా అని నేను ఒర్రాల్నా? ఇంటవా నువ్వు?"

నాకు ఒళ్ళు తెలియలేదు. "పదకొండేండ్ల దోస్తాన మనది! పదకొండు దినాలు కడుపు మాడ్చుకున్న. నా పని నువ్వు గుంజుకుందామని చూస్తున్నవ్, గదే గద!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అహరోనుకు లోపలికి దిగడమంటే ఎంత భయమో నాకు తెలుసు. అతను కోపగించుకోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండేండ్ల కింద ఎండకాలంల నీకు కండ్లు తిరిగినయి, యాదికున్నదా? నేను తాడు గుంజితె నువ్వు గుంజలే. నేనొక్కన్నే నిన్ను బయటికి తీసిన. గప్పుడు నువ్వు సన్నగున్నవ్. ఇప్పుడైతె మూతికి తట్టుకొని ఆగిపోతవ్. తాడు నా చేతులనే ఉంటది. నువ్వు కిందనే ఉంటవ్. నేను చూసుకుంట నిలబడాలె." అతను చెయ్యి చాపాడు. "గా పని నాతోని కాదు లింగం. బెల్టు ఇటియ్యి. ఇయ్యాల నేను దిగుత."

కాళ్ళు పైకి తీసుకున్నాను. బెల్టు విప్పి ఇచ్చాను. అహరోను కాగితం తీసి, దిగేవాడి చోట నా సంతకం కొట్టేసి తనది పెట్టి నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకొని పెదాలు కదిపాడు. ఆ తర్వాత మూతిలోకి దిగాడు. ఎక్కడా తగలకుండా దిగిపోయాడు. తాడు పట్టేవాడి చోట నేను సంతకం పెట్టాను.

కాసేపటికి తాడు లాగాను. లోపలినుంచి తిరిగి లాగాడు. గోకుతున్న చప్పుడు వినబడుతోంది. మళ్ళీ లాగాను. లాగాడు. ఇంత తేలిక పనికేనా ఇతను సాయంత్రానికి అంతగా వాడిపోతాడు అనుకున్నాను.

మూడోసారి లాగితే బదులు రాలేదు.

ఇంకోసారి లాగాను. లేదు. గోకుతున్న చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. మూతిలోకి వంగి చూస్తే చీకటి. "అహరోనూ!" అన్నాను. నా మాట నాకే వినబడలేదు. తాడు రెండు చేతులకూ చుట్టుకొని, కాళ్ళు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి గుంజాను.

"అరే, నడుము ఇరుగుతదిరా! ఎందుకట్ల గుంజుతవ్?" లోపలినుంచి కేక.

అక్కడే కూలబడి, "తాడు ఎందుకు గుంజలే?" అని అరిచాను.

"గసి పట్టుకున్న. చేతులు ఖాళీ లెవ్వు."

"చేతులు ఖాళీ లేకుంటె నోరున్నది గద! ఒర్రరాదా?"

లోపల గసి కింద పెట్టిన చప్పుడయింది. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు ఎన్నడన్న ఒర్రినవా?"

లేదు. ఎన్నడూ అరవలేదు. పని మధ్యలో ఉంటే, ఆగనీలే అనుకునేవాణ్ణి. ఒకటి రెండు సార్లు అతన్ని ఉడికించడానికి కావాలనే లాగకుండా ఊరుకున్నాను కూడా. పైన ఉన్న మనిషికి అంతసేపూ ఎలా ఉంటుందో పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. త్రినాథరావు. "అదేంటి లింగం గారూ, మీరు పాసయ్యారు కదా? పైన ఉండిపోయారే?"

తల తిప్పలేదు. చూపు మూతి మీదనే పెట్టి చెప్పాను. "ఊపిరి బిగబట్టి దూరిన సార్. నూనె గూడ రాసుకున్న. నా పేరు కొట్టేయుండ్రి."

ఆయన ఫైలు తెరిచిన చప్పుడయింది. "మళ్ళీ మీ పేరు ఎప్పుడు రాయమంటారు?"

"ఊపిరి ఇడిసి దూరిన నాడు. ఇంకో నాలుగు కిలోలు తగ్గాలె."

"అందాకా ప్యాకింగ్‌కు వెళ్తారా మరి?"

"పోను సార్. ఈ తాడు పట్టుకుంట."

పట్టుకోమన్నట్టు తలూపాడో, కాదన్నట్టు ఊపాడో నేను చూడలేదు. తాడు లాగాల్సిన వేళయింది. లాగాను. అహరోను వెంటనే తిరిగి లాగాడు.