ఫరీదా గల్లీ దగ్గర ఆగిన గీత

శంషాబాద్ దాటాక, విమానాలు తల మీదుగా దిగే మా చిన్న మున్సిపాలిటీలో ఫరీదాది చివరి గల్లీలో చివరి ఇల్లు. కాలనీల మురుగంతా పల్లానికి దిగి ఆమె వాకిట్లో నిలుస్తుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చెప్పులు చేత పట్టుకుని, ఇటుకల మీద అడుగులేస్తూ వస్తారు. నాలుగేళ్లలో ఆమె పదహారు అర్జీలు ఇచ్చింది. పదహారింటికీ ముద్ర వేసి మరీ రసీదులిచ్చారు. అంత శ్రద్ధ గల ఆఫీసు ఈ చుట్టుపక్కల లేదు.

ఆ జూన్‌లో కొత్త డ్రైనేజీ పథకం కౌన్సిల్ ముందుకొచ్చింది. ఫరీదా వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంది. ఆమె వార్డు కౌన్సిలర్ స్వరాజ్యం. మామూలుగా స్వరాజ్యం సంతకం పెడుతుంది, ఆమె భర్త మల్లేశ్వర్ మాట్లాడతాడు. కొత్తగా వచ్చిన కమిషనర్ ఆ రోజు భర్తలందరినీ బయట కూర్చోబెట్టాడు. దాంతో సభలో సగానికి గొంతు పోయింది.

ఇంజనీరు గోడకు నక్షా తగిలించాడు. నీలం గీత కాలనీలన్నీ తిరిగొచ్చి ఫరీదా గల్లీ దగ్గర బాణం గుర్తుతో ఆగింది. వైస్ చైర్మన్ తీర్మానం చదువుతుండగా పైనుంచి విమానం పోయింది. ఆయన పెదాలు కదలడం కనిపించింది. వినపడకపోయినా అందరూ బల్లలు చరిచారు.

"సార్, జర ఆగుండ్రి," అంది స్వరాజ్యం. ఆమె గొంతు ఎలా ఉంటుందో చాలామందికి అప్పుడే తెలిసింది. "ఆ బాణం యాడికి పోతది?"

"నాలా వెంబడి వెళ్లి పెద్ద లైనులో కలుస్తుందండి," అన్నాడు ఇంజనీరు.

"నాలా యాడుంది?"

ఇంజనీరు వైస్ చైర్మన్ వైపు చూశాడు. ఆయన మంచినీళ్లు తాగుతున్నాడు.

"ఆడ మన వైస్ చైర్మన్ సారు ఫంక్షన్ హాల్ ఉంది," అంది స్వరాజ్యం. " నాలా మీదనే కార్లు పెడుతున్నరు. మా చెల్లె పెండ్లి గాడనే అయింది, నాకు ఎర్కే."

వైస్ చైర్మన్ నవ్వాడు. "అక్కా, ముందుగాల పైపులు పడనియ్యి. నాలా సంగతి రెండో దశల చూస్తం."

"అప్పటిదాంక నీళ్లు యాడ ఉంటయి?"

సందర్శకులు మాట్లాడరాదని బోర్డు ఉన్నా ఫరీదా లేచింది. "మా ఇంట్ల ఉంటయి సార్. అలవాటైనయి," అని కూర్చుంది.

స్వరాజ్యం రిజిస్టరులో తన అసమ్మతి రాసింది. బయటికి రాగానే మల్లేశ్వర్ నిలదీశాడు.

"గిదేంది? నన్ను అడగకుంటనే?"

"నువ్వు లోపల లేవు గద."

అసమ్మతి ఉన్నందున ఫైలు కలెక్టర్ దాకా పోయింది. సర్వేయర్లు వచ్చి కొలిచారు. నాలా ఎక్కడికీ పోలేదనీ, దాని మీద టైల్స్ మాత్రమే కొత్తవనీ రాశారు. నాలుగు నెలలకు జేసీబీ పార్కింగును తవ్వింది. పైపు ఫరీదా గల్లీ దాటి పెద్ద లైనులో కలిసింది. ఆమె వాకిలి ఆరింది.

ప్రారంభోత్సవంలో వైస్ చైర్మన్ రిబ్బన్ కత్తిరించి, ప్రజల కోసం సొంత జాగా త్యాగం చేశానని చెప్పాడు. ఆ ప్రశ్న అడగమన్నది తానేనని మల్లేశ్వర్ టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడు.

తర్వాతి సమావేశానికి ఏం మాట్లాడాలో అతనే కాగితం మీద రాసిచ్చాడు. స్వరాజ్యం దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. లోపలికెళ్లి వీధిదీపాల గురించి అడిగింది. కాగితంలో అది లేదు.