రెండేళ్ళ ఆదివారాలు

దరఖాస్తు సాయంత్రం ఐదింటికల్లా వెళ్ళాలి. రెండు విశ్వవిద్యాలయాలు కలిసి చేస్తున్న టీకా పరిశోధనకు ఇంకో మూడేళ్ళు నిధులు ఇమ్మని అడిగే దరఖాస్తు అది. మంజూరైతేనే మా ల్యాబ్‌లో రక్తం తీసే సూదులక్క ఉద్యోగం నిలుస్తుంది. మూడు వారాలుగా ఫారాలు నింపీ నింపీ నా ఓపిక అయిపోయింది. "భాగస్వాముల మధ్య సమన్వయం ఎలా ఉంది?" అన్న గడిలో "చక్కగా ఉంది" అని రాసిపారేశాను.

అవతలి విశ్వవిద్యాలయంవాళ్ళు పంపిన కాగితాలు సరిచూస్తున్న సూదులక్క తలెత్తింది.

"మేడమ్, రెండుచోట్లా టీకా సోమవారాలే వేశాం కదా. ఏడో రోజు రక్తం మనం ఆదివారం తీశాం. వీళ్ళేంటి, మరుసటి సోమవారం తీశారు?"

టీకా వేసిన రోజును మా ల్యాబ్ మొదట్నుంచీ సున్నా అని లెక్కపెడుతుంది. వాళ్ళు ఒకటి అంటారు. అంటే ఏడో రోజు మా లెక్కన సోమవారం, వాళ్ళ లెక్కన ఆదివారం. కలిసి పనిచేస్తున్నాం కదా అని నేనే వాళ్ళ లెక్కకు మారాను. వెంటనే ఫోన్ చేశాను.

"మేం మీ లెక్కకు మారాం కదమ్మా, మీది పెద్ద ల్యాబ్ అని," అన్నాడు అక్కడి ప్రొఫెసర్.

"ఒక్క మాట చెప్పలేదేం సార్?"

"మీరూ చెప్పలేదుగా."

ఇద్దరం మర్యాదకు పోయాం. టీకా పడ్డాక రక్తంలో కణాలు రోజురోజుకూ మారిపోతాయి. ఒక రోజు తేడా అంటే మాటలు కాదు. రెండుచోట్ల ఫలితాలను ఒకే పట్టికలో కలపడానికి వీల్లేదు.

"పట్టికలో ఏడో రోజు అనే ఉంది. ఎవరు పట్టించుకుంటారమ్మా? నిధులు వచ్చాక చూసుకుందాం," అన్నాడాయన నీరసంగా.

అబద్ధమెందుకు, నాకూ అలాగే అనిపించింది. సూదులక్క వైపు చూశాను.

"ఈ పట్టిక చూసే కదా మేడమ్, రేపు జనానికి సూది వేసేది," అంది.

ఆ మాట అనకుండా ఉంటే ఆమె సొమ్మేం పోయేదని ఆమె మీదే కోపం వచ్చింది. అయినా పట్టికను రెండుగా విడదీసి, జరిగింది జరిగినట్టు రాశాను. "చక్కగా ఉంది" కొట్టేశాను. ఐదుకు ఐదు నిమిషాలుండగా పంపాం.

రెండు నెలలకు జవాబు వచ్చింది. నిధులు ఇవ్వలేదు.

చివరి రోజు సూదులక్క తన సొరుగు ఖాళీ చేసుకుంటుంటే పక్కన నిలబడి, "తప్పు నాది అక్కా," అన్నాను.

"ఉద్యోగం సంగతి వదిలేయండి. ఇంకోటి చూసుకుంటాను," అంది సంచి కట్టుకుంటూ. "మా అమ్మాయి హాస్టల్ నుంచి ఆదివారాలే ఇంటికొచ్చేది. రెండేళ్ళు తనే వండుకుని, తిని, నేను చేరేలోపు వెళ్ళిపోయేది. మీరు ముందే ఒక్క ఫోన్ కొట్టుంటే నేను సోమవారం తీసేదాన్ని కదా మేడమ్."

ఆమె వద్దంటున్నా సంచి నేనే తీసుకుని బస్సుదాకా మోశాను.