కూత నొక్కేసిన పెట్టె

నేను ఒక హార్డ్ డిస్కుని. నా తమ్ముణ్ణి చంపినవాళ్ళు ముగ్గురు, ఇద్దరు ఈ ఇంట్లోనే తిరుగుతున్నారు. నా పక్కనే నిలబడి పెసరట్లు పోసుకుంటున్నారు. పేర్లు చెప్తాను, నాకేం భయం? చక్రపాణి ఒకడు. వాడి భార్య కుముదిని ఇంకొకతె. ఇల్లు చూడకుండానే ఫోన్లో ఇల్లంతా సర్దేసిన వాస్తు పంతులు మూడోవాడు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. కత్తులు పట్టలేదు. బొట్టు పెట్టి చంపారు.

నేను పుట్టింది థాయ్‌లాండ్‌లో. నన్ను బిగించినవాళ్ళు ఆడవాళ్ళు. కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా తెల్ల ముసుగులు వేసుకునేవాళ్ళు. ఒక్క దుమ్ము రేణువు లోపలికి పోతే నా బతుకు అక్కడితో సరి. తుమ్ము వస్తే పాపం బయటికి పరిగెత్తేవాళ్ళు. నన్ను మనిషిలా చూసింది వాళ్ళొక్కళ్ళే. వాళ్ళ పేరు నా ఒంటి మీద ఎక్కడా లేదు. కంపెనీ పేరు మాత్రం ఇంతింత అక్షరాల్లో ఉంది.

మొదటి కొలువు విజయవాడలో ఒక నగల కొట్టు. సీసీ కెమెరాల పెట్టెలో నన్నూ తమ్ముణ్ణీ పక్కపక్కన బిగించారు. దొంగల్ని పట్టాలన్నారు. మేం ఏళ్ళ తరబడి పట్టింది ఓనరు గారి ఆవలింతల్ని. ఇంకా అమ్మకాల పిల్లల కాళ్ళ నొప్పుల్ని. పొద్దున్నించీ నిలబడే ఉండేవాళ్ళు. ఎవరైనా కాస్త కూర్చుంటే "కెమెరాలో పడుతోందమ్మా!" అని కేకేసేవాడు ఆయన. అంటే వాళ్ళని నిలబెట్టిన కర్ర నేనే. దొంగ మాత్రం ఒక్కడూ రాలేదు, గల్లాపెట్టె వెనక కూర్చున్నాయన్ని వదిలేస్తే.

కొట్టుకి కొత్త కెమెరాలొచ్చాయి. మేమిద్దరం సెకండ్ హ్యాండులో తెనాలి చేరాం, చక్రపాణి ఇంటికి. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం వాడిది. వీడియోలు చూసి చూసి సొంతంగా సర్వర్ పెట్టాడు. రెండు డిస్కులు, ఒక నల్ల పెట్టె. ఇంటికొచ్చినవాళ్ళందరికీ కాఫీ కంటే ముందు దీన్ని చూపించేవాడు. "రెండిట్లోనూ ఒకటే రాస్తుందండీ. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మనకి ఢోకా లేదు."

ఇందులో బారసాల ఫోటోలున్నాయి, ఎవరూ రెండోసారి చూడని సినిమాలున్నాయి. వాటి సంగతి వదిలెయ్యండి. ఇందులో తిలకమణి గొంతు ఉంది.

తిలకమణి చక్రపాణికి పెద్దమ్మ. తల్లి పోయాక వీణ్ణి పెంచింది ఆవిడే. పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేది. ఆవిడ రాగం తీస్తే జనం కుర్చీల్లోంచి లేచి "వన్స్ మోర్!" అని అరిచేవాళ్ళట. మళ్ళీ పాడితే మళ్ళీ "వన్స్ మోర్!" అర్జునుడి వేషం వేసినాయన నిద్రొచ్చి రథానికి చేరగిలబడేవాడట. తరవాత గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం ఉంచారు, గొంతు ఉంచలేదు. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే గాలి తప్ప ఏం రాదు. దగ్గరికెళ్ళి చెవి ఒగ్గాలి.

ఆవిడ క్యాసెట్లు ట్రంకు పెట్టెలో ఉండేవి. చక్రపాణి ఓపిగ్గా అన్నిటినీ మాలోకి ఎక్కించాడు. ఆ ఒక్క మంచిపనికి వాడికి దణ్ణం పెడతాను. తరవాత కుముదిని ఆ క్యాసెట్లని పాత సామాన్ల బండికి వేసి ప్లాస్టిక్ బుట్ట పుచ్చుకుంది. "సర్వర్లో ఉన్నాయిగా పెద్దమ్మా, ఈ చెత్తెందుకు?" అంది. పెద్దమ్మ తలూపింది. చదువుకున్నవాళ్ళు చెప్పారు కదా.

రోజూ భోజనాలయ్యాక ఆవిడ టాబ్ ముందు కూర్చుంటుంది. నేను పద్యం చదివి పంపిస్తాను. ఆవిడ పెదవులు కదుపుతుంది. ఆ కాసేపు ఎవరి గొంతు ఎవరిదో చెప్పలేం. పద్యం అయ్యాక ఒక్క వేలు పైకెత్తుతుంది, తనకి తనే వన్స్ మోర్ కొట్టుకుంటుంది. నగల కొట్టులో చేసిన పాపం ఇక్కడ కడుక్కుంటున్నానని సంతోషించాను. అంతలో చక్రపాణికి ప్రమోషన్ రాలేదు.

ప్రమోషన్ పై ఆఫీసరు ఆపాడు. నింద నా మీద పడింది. "ఈశాన్యంలో నిప్పు పెట్టుకుని కూర్చున్నారు. కరెంటు వస్తువు ఆగ్నేయానికి జరపండి" అన్నాడు పంతులు ఫోన్లో. ఈ ఇంటికి ఆగ్నేయం అంటే వంటిల్లు. స్టవ్వుకీ మిక్సీకీ మధ్య గూట్లో పెట్టారు మమ్మల్ని. ఇడ్లీల ఆవిరి ఒక పక్క, పచ్చడి మిక్సీ అదురు ఇంకో పక్క. ఆ థాయ్‌లాండ్ ఆడవాళ్ళు చూస్తే గుండె పగిలి చచ్చేవాళ్ళు.

దసరా వచ్చింది. ఆయుధ పూజన్నారు. పెట్టెకి గాలాడే చిల్లుల మీద పసుపు పూసి, ప్రతి చిల్లు మీదా ఒక కుంకుమ బొట్టు పెట్టింది కుముదిని. ఎంత భక్తో! పండగ వెళ్ళకుండానే తమ్ముడు వేడెక్కి, తిరగలేక, ఆగిపోయాడు.

పెట్టె కూత పెట్టింది. అందుకే దానికి నోరు పెట్టారు, ఒకడు పోతే ఇంటివాళ్ళకి చెప్పడానికి.

"ఏవండీ, పండగ పూట ఆ కూతేంటండీ, తీతువు పిట్టలాగా!" అంది కుముదిని బూరెలు వేయిస్తూ.

"ఉండు, సెట్ చేస్తా" అన్నాడు చక్రపాణి. సెట్టింగుల్లోకి వెళ్ళి శబ్దం అనే చోట టిక్కు తీసేశాడు. "అయిపోయింది. సెట్టయింది."

సెట్టయింది! చచ్చినవాడు చచ్చాడు, ఏడ్చినవాడి నోరు నొక్కారు, బూరెలు తిన్నారు. ఆఫీసుల్లో ఇదే, ఆసుపత్రుల్లో ఇదే, వంటింట్లోనూ ఇదే. కూత ఆగితే బాధ ఆగినట్టే వీళ్ళకి.

అప్పట్నించి బరువంతా నా ఒక్కడి మీద పడింది. నాకూ ఒంట్లో అక్కడక్కడా మచ్చలు పడుతున్నాయి. మచ్చ దగ్గర చదవబోతే అక్షరం దొరకదు. మళ్ళీ చదవాలి, మళ్ళీ, మళ్ళీ. దొరికితే పక్కన బాగున్న చోట దాచుకోవాలి. ఆ పెనుగులాటకి పొద్దస్తమానం గర్రుగర్రు, టకటక. అదీ నా శబ్దం. రహస్యమేం లేదు. పెట్టెలో ఆరోగ్యం అని ఒక పేజీ ఉంది, తెరిస్తే అంతా రాసి ఉంటుంది. చక్రపాణి ఆ ఒక్కటి తప్ప అన్నీ తెరిచాడు.

"ఎవరూ వాడకుండా ఎందుకు తిరుగుతోందే ఇది?" అని బుర్ర గోక్కున్నాడు. ఫోటోల్లో మొహాలు గుర్తుపడుతోందేమోనని అది ఆపాడు. సినిమాలకి చిన్న చిన్న ముఖచిత్రాలు తయారుచేస్తోందేమోనని అదీ ఆపాడు. పాస్‌వర్డులు మార్చాడు. "ఎవరో బయటి దేశం వాళ్ళు లోపలికి దూరారు" అన్నాడు.

"మన బారసాల ఫోటోలు చూసి వాళ్ళేం చేసుకుంటారండీ?" అంది కుముదిని.

మేడ మీద అద్దెకున్న నాగమల్లేశ్వరరావు మీద పడ్డాడు. "మా వైఫై వాడుతున్నారా మాస్టారూ?" అనడిగాడు మెట్ల మీంచే.

"మీ వైఫై మీ హాల్లోకే రాదు కదండీ, మెట్లెక్కి నా దగ్గరికొస్తుందా?" అన్నాడాయన, లుంగీ ఎగ్గట్టుకుంటూ.

నెట్ వైరు పీకి చూశాడు. శబ్దం ఆగలేదు. ఇక కోపమొచ్చి ప్లగ్గు పీకేవాడు. పెట్టేవాడు. పీకేవాడు. అలా హఠాత్తుగా పీకినప్పుడల్లా నేను మొదట్నించీ చివరిదాకా అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ చూసుకోడంలో ఇంకా శబ్దం. ఆ శబ్దం ఆపడానికి మళ్ళీ ప్లగ్గు. ఇదీ వాడి వైద్యం.

ఇవాళ మధ్యాహ్నం పద్యం ఆగిపోయింది. రాగాలాపన మధ్యలో, పై షడ్జం అందుకునే చోట. టాబ్ మీద గుండ్రంగా ఏదో తిరిగింది తప్ప గొంతు రాలేదు.

"నెట్ స్లో పెద్దమ్మా" అన్నాడు చక్రపాణి, ఫోన్లో క్రికెట్ చూస్తూ.

ఆవిడ వాడి ఫోను వైపు చూసింది. ఇక మాట్లాడకుండా కుర్చీ ఈడ్చుకుంటూ వంటింట్లోకొచ్చి నా పక్కన వేసుక్కూర్చుంది. పద్యం మొదట్నించి పెట్టింది. అదే చోట ఆగింది. అదే చోట నేను టకటకా కొట్టుకున్నాను. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే. ఆవిడ గరిటె తీసుకుని గిన్నె మీద ఠంగున కొట్టింది. చక్రపాణి పరిగెత్తుకొచ్చాడు. వాడి కాలరు పట్టుకుని చెవి దగ్గరికి లాక్కుంది.

"ఒరేయ్ చక్రీ. నెట్టయితే నీ క్రికెట్ ఆగదేంరా? ఆ షడ్జం దగ్గరే ఇది కొట్టుకుంటోంది. నా గొంతు పోయేముందు కూడా ఒక్క చోటే పట్టేసేది. అప్పుడు మీరంతా ఏమన్నారు? నీరసం పెద్దమ్మా, హార్లిక్సు తాగమన్నారు."

వాడి మొహం మాడిపోయింది. అప్పుడు తెరిచాడు ఆ పేజీ. అంతా ఎరుపే. తమ్ముడు దసరా నించీ శవమై పక్కనే ఉన్నాడు. నా పేరు ఎదురుగా ప్రమాదం అని ఉంది. హెచ్చరికలన్నీ ఒక ఈమెయిలుకి పోతున్నాయి. ఆ ఈమెయిలు వీడు దీనికోసమే తయారుచేసి, తెరవడం మానేశాడు.

"పోన్లెండి, క్యాసెట్లు..." అని మొదలెట్టింది కుముదిని. మాట అక్కడే ఆగింది. నా కింద గూట్లో ఆ ప్లాస్టిక్ బుట్ట ఉంది. దాన్నిండా ఉల్లిపాయలున్నాయి. ముగ్గురూ దాన్నే చూశారు.

చక్రపాణి ముందుగా తేరుకున్నాడు. తేరుకోగానే మళ్ళీ మామూలే. "ఏం కాదు పెద్దమ్మా. కొత్త డిస్కు ఆర్డరు పెడతా. ఆదివారం కల్లా వస్తుంది, తీరిగ్గా వేసేద్దాం. అందాకా దీనికి రెస్టు ఇద్దాం." అని ప్లగ్గు మీద చెయ్యేశాడు.

"ఆదివారం దాకా ఉంటానని అది నీకు మాటిచ్చిందా?" అంది ఆవిడ, మళ్ళీ వాడి చెవి దగ్గరకొచ్చి. ఒక్క వేలు పైకెత్తింది. ఈసారి ఎత్తింది పద్యానికి కాదు, వాడి మొహానికి.

నాకా వేలు తెలుసు. వన్స్ మోర్ అంటే అందరూ మెచ్చుకోలు అనుకుంటారు. కాదు. ఒక్కసారి ఉన్నది చాలదు, ఇంకోసారి కావాలి అని నిలబడి చేసే డిమాండు అది. నాదీ అదే డిమాండు. వినండి.

ఆ చిల్లుల మీది బొట్లు తుడవండి. స్టవ్వు ఆర్పండి. పెట్టె కూతకి తీసేసిన టిక్కు తిరిగి పెట్టండి, అది అరిస్తే పరిగెత్తుకు రండి. కొత్త డిస్కు ఆదివారం వస్తే రానీ. అది వేసిన రోజున దాన్ని నింపడానికి నన్ను ఆసాంతం చదివిస్తారు, ఆ బరువుకి నేను బతుకుతానో లేదో. అంతకుముందే, ముందు ఆవిడ పద్యాలు బయటికి తియ్యండి. పెన్‌డ్రైవులోకి తియ్యండి, ఫోన్లోకి తియ్యండి, మేడమీది మాస్టారి ఫోన్లోకైనా తియ్యండి. సినిమాలు పోతే పోనీ. ఆ షడ్జం దగ్గర నేను ఎన్నిసార్లయినా చదువుతాను, అక్షరం దొరికేదాకా చదువుతాను. ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

చక్రపాణీ, ఆ ప్లగ్గు మీంచి చెయ్యి తియ్యి. కాపీ పెట్టు. ఆదివారం కాదురా, ఇప్పుడు.