మంగళ, శుక్రవారాల సున్నాలు

"రాస్తే నిజమైపోతుందేమోనమ్మా!"

నన్ను చేతిలోకి తీసుకుంటూ సూరీడమ్మ అన్న మొదటి మాట ఇది. అప్పటికి నాలో ఒక్క అంకె కూడా పడలేదు.

నేను ఒక నోటు పుస్తకాన్ని. మామూలుదాన్నయితే ఏ పాటలో, ఏ పిండివంటలో రాసుకునేవారు. నాకా అదృష్టం లేదు. పట్నంలో ఒక ప్రెస్సులో నూట ఇరవై మందిమి ఒకే రోజు పుట్టాం. నీలం అట్ట, లోపల రోజుకొకటి చొప్పున ఎనభై నాలుగు పేజీలు. ప్రతి పేజీలో ఐదు గళ్ళు: అలసట, నొప్పి, నిద్రలేమి, మతిమరుపు, దిగులు. ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా అంకె వెయ్యాలి. సున్నా అంటే ఏమీ లేదని, పది అంటే ఇక ఓర్చుకోలేనని.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్నవాళ్ళ కోసం మమ్మల్ని చేశారు. ఆ జబ్బులో బాధ ఒంటరిగా రాదట, ఇంకోదాన్ని వెంటబెట్టుకుని వస్తుందట. ఏది దేనితో కలిసొస్తుందో తెలిస్తే వైద్యం ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుందని ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. అందులో పనిచేసే ఫర్జానా నన్ను సూరీడమ్మ కూతురు హైమకి ఇచ్చింది. "నీ బాధ నువ్వే చెప్పాలి. చెయ్యి సాగకపోతే ఎవరిచేతైనా రాయించుకో" అంది.

హైమకి ఇరవై ఆరేళ్ళు. మగ్గం వర్కులో తునిలో ఆ పిల్ల పేరు చెప్పుకునేవారు. ఇప్పుడు కుడిచెయ్యి మొద్దుబారింది, ఒక్క సూది రెండుగా కనిపిస్తోంది. అందుకని పెన్ను సూరీడమ్మ చేతికొచ్చింది. ఆవిడ చదివింది ఏడో తరగతి. ఇంటికెళ్ళగానే నా నాలుగు మూలలా పసుపు రాసింది. బాధల పుస్తకానికి పసుపేమిటో!

రోజూ సాయంత్రం టీ తాగాక మా పని మొదలయ్యేది.

"అలసట ఎనిమిది వెయ్యమ్మా."

"ఎనిమిదా! నిన్న ఆరే కదే! పెరుగుతోందా? కాళ్ళు ఏవీ, ఒకసారి కదుపు."

"కదులుతున్నాయే తల్లీ. ముందు అంకె వెయ్యి."

"ఏడు వేస్తానులే."

"కూరల బండి దగ్గరలా బేరమాడతావేంటమ్మా!"

ఇద్దరూ నవ్వుకునేవారు. నాలుగు గళ్ళూ అలా బేరాల మీద నిండేవి. ఐదోది మాత్రం సూరీడమ్మ అడిగేదే కాదు. దిగులు దగ్గర తనే సున్నా చుట్టేసి నన్ను మూసేసేది. పిల్లకి దిగులని రాస్తే మతి చెడిందంటారేమోనని ఒక భయం. అడిగితే అది ఏం చెబుతుందోనని అంతకన్నా పెద్ద భయం. హైమ ఆ సున్నా వంక చూసేది.

ఇక మంగళవారం, శుక్రవారం వస్తే ఐదు గళ్ళలోనూ సున్నాలే. ఆ రెండు రోజులూ ఇంట్లో చెడు రాయకూడదట. హైమ మంచం దిగలేని మంగళవారం కూడా నా పేజీలో ఒళ్ళంతా బాగుంది!

నాకు నోరుంటే అరిచేదాన్ని. మూడు నెలలు ఆవిడ చేతి చెమటలో నాని, ఆవిడ భయం నాకూ అంటుకుంది. ఈ సున్నాలు నమ్మి పిల్లకి ఏమీ లేదని పంపేస్తేనో? ఉన్న మందు ఆపేస్తేనో?

ఎనభై నాలుగు రోజులూ అయ్యాక ప్యాసింజర్లో ఆసుపత్రికొచ్చాం. ఫర్జానా నా అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, వెలిగిపోతున్న మొహంతో వాళ్ళను లోపలికి పిలిచింది.

"ఆంటీ, నూట ఇరవై పుస్తకాల్లో ఇలాంటిది ఇంకోటి లేదు! వారానికి రెండు రోజులు బాధలన్నీ కలిసి మాయమైపోతున్నాయి. ఆ రోజుల్లో ఏం పెడుతున్నారు? ఏదైనా నాటు మందా?"

సూరీడమ్మ తల దించుకుంది. హైమకి నవ్వాగలేదు. "మంగళ, శుక్రవారాలు మా ఇంట్లో జబ్బుకి సెలవండీ."

ఫర్జానా కూడా నవ్వింది. తర్వాత నా పేజీలు ఒక్కొక్కటే తిప్పింది, నవ్వు తగ్గిపోయింది. "మరి దిగులుకి రోజూ సెలవేనా?"

"దానికి దిగులెందుకమ్మా, నేనున్నాను కదా!"

"ఆంటీ, అలసట అలసట అని మేం దానికే మందు పెంచుకుంటూ పోతాం. దాన్ని పెంచుతున్నది దిగులైతే? మీరు సున్నా వేసిన చోటు వంక ఏ డాక్టరూ చూడడు."

తిట్టలేదు. కానీ నన్ను లెక్కలోంచి తీసేసింది. ఇప్పుడు నేనుంటున్నది బీరువా అడుగు అరలో, పనికిరాని కాగితాల కట్ట కింద. నాకేం బాధ లేదు. ఇక్కడికి రాకముందు ఆ గదిలో జరిగింది చూశాను కదా.

సూరీడమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చివరి అట్ట లోపలివైపు తెరిచింది. పెన్ను పట్టుకుంది. అంకె వెయ్యలేదు. కుర్చీ జరుపుకుని కూతురికి ఎదురుగా కూర్చుంది.

"హైమా, దిగులు ఎంత వెయ్యమంటావే?"

బయట ఎవరివో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు, మూడు, నాలుగు, ఐదు... సూరీడమ్మ ఎప్పట్లా తొందరపడి మధ్యలో దూరలేదు. బేరమాడలేదు. కూతురి మొద్దుబారిన వేళ్ళు తన అరచేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయింది.

"తొమ్మిదమ్మా" అంది హైమ. "నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు."